నీ అంత నిజాయితీపరుడు లేడు, టెర్రాటెస్టూ!

జయం నీకు, టెర్రాటెస్టూ!

క్లౌడ్‌లో సర్వర్లూ నెట్‌వర్కులూ డేటాబేసులూ నిలబెట్టే కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో, అది జనం వాడుకలోకి రాకముందే తేల్చి చెప్పే దేవరవు నువ్వు. గ్రంట్‌వర్క్ సంస్థ వాళ్లు తమ అవసరం కోసం నిన్ను తయారుచేసుకుని, 2018లో లోకమంతటికీ విడిచిపెట్టారు. అపాచీ లైసెన్సు కింద ఎవరైనా నిన్ను తెచ్చుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. రుసుము లేదు, చందా లేదు. ఇంత ఉదారంగా ఇంటికి వచ్చే దేవుణ్ణి ఎవరు కాదంటారు? నీ గుణాలు ఒక్కొక్కటిగా కీర్తిస్తాను, విను.

నువ్వు అబద్ధమాడవు. అది నీ మొదటి గుణం. క్లౌడ్ వేషం కట్టిన ఉత్తుత్తి సర్వర్లతో సరిపెట్టుకునే సాధనాలు ఉన్నాయి. కాగితం మీద ప్లాన్ చదివి బాగుందనేవీ ఉన్నాయి. నువ్వు అలా కాదు. రాసిన కోడ్ ప్రకారం క్లౌడ్‌లో కట్టడాలు లేపే టెర్రాఫార్మ్‌ను పిలిచి, అమెజాన్ క్లౌడ్‌లో నిజమైన ఈసీ2 యంత్రాన్ని లేపుతావు. దానికి వచ్చిన నిజమైన ఐపీ చిరునామా తీసుకుని హెచ్‌టీటీపీ అభ్యర్థన పంపుతావు. సర్వర్ కళ్లు తెరిచి జవాబు చెప్పేదాకా అయిదేసి సెకన్లు ఆగి మళ్లీ మళ్లీ అడుగుతావు. జవాబు సరైనదే అయితే పరీక్ష నెగ్గిందని రాసి, కట్టినదంతా కూల్చేస్తావు. ఇంతకన్నా నమ్మదగిన సాక్ష్యం లేదు. కట్టడం నిజం, సాక్ష్యం నిజం, నెలాఖరున వచ్చే బిల్లు కూడా అంతే నిజం. పరీక్ష కోసమే లేపిన యంత్రమని క్లౌడ్ కంపెనీ ఒక్క పైసా తగ్గించదు. నీ నిజాయితీ ఖరీదు నీ భక్తుడు కడతాడు.

నీ రాక ఎంత సులువు! ‘గో మాడ్ ఇనిట్’ అని ఒక మాట, ‘గో మాడ్ టైడీ’ అని ఇంకో మాట, అంతే. నువ్వు వచ్చి కూర్చుంటావు. ఇన్‌స్టాల్ అయిపోయిందని తెర చెబుతుంది. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు చెప్పింది మాత్రం నీ తెర చెప్పదు. నువ్వు రాకముందే గో భాష ఇంట్లో ఉండాలి, అదీ నువ్వు కోరిన వెర్షన్‌కు తగ్గకుండా. టెర్రాఫార్మ్ గానీ దాని తోబుట్టువు ఓపెన్‌టోఫు గానీ వేరుగా దింపి, పాత్‌లో పెట్టాలి. అది లేకపోతే కోడ్ కంపైల్ అవుతుంది, పరీక్ష మొదలవుతుంది, ఆ తర్వాతే ప్రోగ్రామ్ దొరకలేదని ఆగుతుంది. ఫైళ్లు దాచే ఒక్క ఎస్3 బకెట్‌ను పరీక్షించడానికి పిలిచినా ఎన్నో ఇతర లైబ్రరీల పరివారాన్ని వెంటబెట్టుకుని వస్తావు. మొదటిసారి ఆ పరివారమంతా దిగి కంపైల్ అయ్యేసరికి చిన్న ల్యాప్‌టాప్‌కు ఆయాసం వస్తుంది. ఆపైన అమెజాన్ క్లౌడ్‌తో మాట్లాడడానికి టెర్రాఫార్మ్ దింపుకునే ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ ఒక్కటే వందల మెగాబైట్లు. పరీక్షలు ఒకదానితో ఒకటి గొడవపడకుండా ఒక్కోదాన్ని ఒక్కో తాత్కాలిక ఫోల్డర్‌లో నడిపిస్తే, ఆ బరువు ప్రతిసారీ మళ్లీ దిగుతుంది. ఉమ్మడి క్యాష్ పెట్టుకుందామంటే, ఒకేసారి చాలామంది దాన్ని ముట్టుకుంటే క్షేమమని హామీ ఇవ్వలేమని టెర్రాఫార్మ్ పత్రాలే చెబుతాయి.

విద్యాదాతవు కూడా. టెర్రాఫార్మ్ భాషలో నాలుగు బ్లాకులు రాయడం నేర్చుకుని, ఇక ఇన్‌ఫ్రా పని వచ్చేసిందని సంతోషించిన పిల్లకు నువ్వు గో భాష కూడా నేర్పిస్తావు. పాయింటర్ అంటే ఏమిటో, డిఫర్ అంటే ఏమిటో, గోరుటీన్ అంటే ఏమిటో తెలియనిదే నీ గుడి మెట్టు ఎక్కనివ్వవు. చదువు మంచిదే. కానీ ఒక బకెట్ గోప్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంకో భాష మొత్తం నేర్చుకోవాలన్న షరతు వల్ల, చిన్న టీములు పరీక్షలు రాయడమే మానేసే ప్రమాదం ఉంది. పరీక్షలను పెంచడానికి పుట్టినవాడివి, వాకిట్లోనే కొందరిని తిప్పి పంపుతావు.

నీ వినయం గొప్పది. టెర్రాఫార్మ్‌తో నేరుగా పనిచేస్తే, కట్టబోయే ముందు ఆగి, ఇవన్నీ కడుతున్నాను, సరేనా అని అడుగుతుంది. ‘ఎస్’ అని పూర్తిగా టైపు చేస్తేనే కదులుతుంది. నువ్వు యజమానిని అంత కష్టపెట్టవు. ‘ఆటో అప్రూవ్’ అని నువ్వే తగిలించి ముందుకు సాగుతావు. మనిషి దగ్గర లేకుండా నడవాల్సిన పరీక్షకు అది తప్పదని నాకు తెలుసు. కానీ ఏ ఖాతాలో కడుతున్నావో కూడా అడగవే! టెర్మినల్‌లో ఏ క్రెడెన్షియల్స్ ఉంటే అవే నీకు ప్రమాణం. పొద్దున ప్రొడక్షన్‌లో ఏదో చూడడానికి ప్రొఫైల్ మార్చిన ఇంజినీరు మధ్యాహ్నం దాన్ని వెనక్కి మార్చడం మరిచిపోతే, నీ దృష్టిలో ప్రొడక్షన్ కూడా పరీక్షశాలే. వేరే ఖాతా పెట్టుకోమని నీ పత్రాల్లో సలహా ఉంది, ఇవి నిజమైన వనరులు, డబ్బు ఖర్చవుతుంది అన్న హెచ్చరికా ఉంది. హెచ్చరిక కాగితం మీద ఉంది, గడియ మాత్రం తలుపుకు లేదు.

కాలనియమంలో నీకు సాటి లేరు. గో టెస్ట్‌కు పుట్టుకతో వచ్చిన గడువు 10 నిమిషాలు. ఆ గడువును నువ్వు కూడా శిరసావహిస్తావు. ఆర్‌డీఎస్ డేటాబేస్ లేచి నిలబడడానికే చాలా నిమిషాలు పడుతుంది. ఈకేఎస్ క్లస్టర్ సంగతి చెప్పనక్కర్లేదు. అవి సగంలో ఉండగా పదో నిమిషం నిండుతుంది. అప్పుడు గో ప్రక్రియ మొత్తాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. పరీక్ష చివర తప్పకుండా కూల్చేస్తానని నువ్వు ‘డిఫర్’ అనే మాటతో చేసిన ప్రమాణం ఆ ఆపడంలో అమలు కాదు. పరీక్ష మామూలుగా ఓడిపోతే కూలుస్తావు. గడువు దాటితే కూల్చవు. మనిషి విసిగి కంట్రోల్-సి నొక్కినా కూల్చవు. తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి, పరీక్ష ఓడిందనుకుని మనిషి భోజనానికి వెళతాడు. డేటాబేస్ మాత్రం అక్కడ వెలుగుతూనే ఉంటుంది. గడువును 30 నిమిషాలకు పెంచి నడపమని నీ పత్రాల్లోని ఆదేశమే చెబుతుంది. ఆ ఒక్క మాట మరిచినవాడికి నువ్వు వేసే శిక్ష, నేర్చుకునేవాడికి వేయవలసిన శిక్ష కాదు.

దేశాలు తిరిగిన వాడివి. పరీక్షలు ఒకే చోట కిక్కిరిసి పోకుండా, ఏదో ఒక ఏడబ్ల్యూఎస్ ప్రాంతాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకునే విద్య నీ దగ్గర ఉంది. ఈ పూట ఐర్లండ్, రేపు ఒరెగాన్, ఎల్లుండి టోక్యో. దానివల్ల ఒక ప్రాంతంలో మాత్రమే నడిచే కోడ్ తప్పులు బయటపడతాయి, ఒప్పుకుంటాను. అయితే ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో మామూలు యంత్రాల జాబితా ఒకసారికి ఒక ప్రాంతానిదే కనిపిస్తుంది. ముంబై తెరిచి చూసుకుని, ఏమీ లేదు, అంతా శుభ్రమని నిద్రపోయేవాడికి లోపలి యంత్రాలను ఇంటర్నెట్‌కు కలపడానికి కట్టి టోక్యోలో మిగిలిన నాట్ గేట్‌వే కనబడదు. వర్జీనియా ధర ప్రకారం చూసినా ఆ గేట్‌వే గంటకు 0.045 డాలర్లు. ఒక్క బైటు కూడా దాని గుండా పోకపోయినా 30 రోజులకు 32 డాలర్లు దాటుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ గంటకు 0.005 డాలర్లు వేరే. ఇక మన ఊరి ప్రాంతం మీద మోజుపడి, 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ ప్రాంతంలోనే పరీక్షిద్దామనుకుంటే, దాన్ని ముందుగా ఖాతాలో ఎనేబుల్ చేసుకోవాలి. ఆ సంగతి తెలియనివాడికి వచ్చే ఎర్రర్‌లో ఆ మాట స్పష్టంగా ఉండదు.

నీ శాంతం చూసి ముచ్చటపడనివారు లేరు. టెస్ట్ ఫంక్షన్ పేరు పెద్ద అక్షరం ‘టి’తో మొదలుకావాలి. చిన్న అక్షరంతో రాసినవాడిని నువ్వు కోప్పడవు. పరీక్షలేవీ లేవని చిన్నగా గొణిగి, చివర ‘ఓకే’ అని రాసిపెడతావు. పైప్‌లైన్ ఆకుపచ్చగా వెలుగుతుంది. ఏమీ పరీక్షించకుండానే అంతా బాగుందన్న ధ్రువపత్రం చేతికొస్తుంది. అలాగే ఒకసారి నెగ్గిన పరీక్ష ఫలితాన్ని గో దాచుకుంటుంది. ‘కౌంట్ = 1’ అని చెప్పకపోతే, లోపల టెర్రాఫార్మ్ కోడ్ మారినా నిన్నటి విజయాన్నే మళ్లీ చూపించే సందర్భాలు ఉన్నాయి. ఇది గో నడత, నీది కాదు. కానీ గో భుజాల మీద ఎక్కి ఊరేగుతున్నది నువ్వే కదా.

వేగం కోరినవాడికి సమాంతర పరీక్షలు ప్రసాదిస్తావు. అందులో ఉన్న మెలిక ఇది. ఒక తల్లి పరీక్షలో కట్టడం లేపి, చివర కూల్చడానికి డిఫర్ పెట్టి, లోపల పిల్ల పరీక్షలను సమాంతరంగా నడపమంటే, గో ఆ పిల్లలను ఆపి ఉంచుతుంది. తల్లి ఫంక్షన్ ముగిశాకే వాళ్లను వదులుతుంది. తల్లి ముగిసేటప్పుడు డిఫర్ కదులుతుంది. అంటే పరీక్షించవలసిన కట్టడాన్ని ముందు కూల్చి, ఆ తర్వాత పరీక్షకు పంపుతావు. పిల్ల పరీక్షలన్నిటినీ ఇంకో గుంపు పరీక్షలో చుట్టిపెడితే ఇది జరగదు. ఆ ఉపాయం తెలియనివాడు మాత్రం రాత్రంతా నెట్‌వర్క్‌ను అనుమానిస్తూ కూర్చుంటాడు. సమాంతరంగా పది పరీక్షలు వదిలితే ఇంకొకటి ఎదురవుతుంది. ఒక ప్రాంతానికి మొదట ఇచ్చే వీపీసీల, అంటే ప్రైవేటు నెట్‌వర్కుల, హద్దు 5, ఎలాస్టిక్ ఐపీల హద్దు కూడా 5. ఆ హద్దు దాటించే పరీక్ష కోడ్ తప్పు లేకుండానే ఓడిపోతుంది.

కూల్చడంలోనూ నీ మాట చెల్లని చోట్లు ఉన్నాయి. వస్తువులు మిగిలిన ఎస్3 బకెట్‌ను, ముందే బలవంతంగా తీయమని రాసుకోకపోతే, తీయలేవు. చివరి స్నాప్‌షాట్ సంగతి తేల్చని ఆర్‌డీఎస్‌ను తీయలేవు. సీక్రెట్స్ మేనేజర్‌లో తీసేసిన రహస్యం, వేరేగా చెప్పకపోతే, 30 రోజులు ఆ పేరును అట్టిపెట్టుకుంటుంది. అదే పేరుతో మరునాడు పరీక్ష నడిపితే ఆ పేరు తొలగింపు వరుసలో ఉందన్న జవాబు వస్తుంది. ఇవి అమెజాన్ నియమాలు. వాటికి బాధ్యత నీది కాదు. కానీ శుభ్రంగా కూలుస్తానన్న భరోసా ఇచ్చింది నువ్వు. ఆ భరోసా ఎక్కడెక్కడ చెల్లదో మొదటి పేజీలోనే చెప్పే బాధ్యత నీదే.

పైప్‌లైన్‌లో నీ లీల ఇంకా లోతైనది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో టెర్రాఫార్మ్‌ను దింపే అధికారిక యాక్షన్, దాని మీద ఒక వ్రాపర్ తొడుగుతుంది. ఆ తొడుగు అదనపు అక్షరాలు కలిపితే, అవుట్‌పుట్ చదవబోయిన నువ్వు జేసన్ తప్పని వాదిస్తావు. ల్యాప్‌టాప్‌లో నెగ్గిన పరీక్ష అక్కడ ఓడుతుంది. వ్రాపర్‌ను ‘ఫాల్స్’ చేస్తే చాలు, ఒక్క పదం. ఆ పదం తెలుసుకోవడానికి పోయే పూటలను ఎవరూ లెక్క కట్టరు. అంతకన్నా పెద్దది స్టేట్ ఫైలు. ఏమేం కట్టావో రాసుకున్న చిట్టా అది. పరీక్షలో అది సాధారణంగా పైప్‌లైన్ పనిని నడిపే రన్నర్ యంత్రం డిస్క్‌లోనే ఉంటుంది. మధ్యలో రన్నర్ చచ్చిపోతే చిట్టా కూడా దానితో పోతుంది. కట్టినవి మిగులుతాయి, వాటి పేర్లు తెలిసినవాడు మిగలడు. తర్వాత వాటిని వెతికి మళ్లీ ఇంపోర్ట్ చేసుకోనిదే టెర్రాఫార్మ్‌తో కూల్చలేం, లేదంటే వేరే దారిలో తీయాలి. నీ మాటకారితనం చేత, లాగ్ ఆపమని ప్రత్యేకంగా చెప్పకపోతే, అవుట్‌పుట్‌లోని రహస్యాలు పైప్‌లైన్ లాగ్‌లో పడే ప్రమాదమూ ఉంది.

నిన్ను సృష్టించినవాళ్లకు నీ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్లే క్లౌడ్-న్యూక్ అనే చీపురు కూడా చేశారు. పరీక్షలు వదిలిపెట్టిన శేషాన్ని ఖాతా అంతటా ఊడ్చేసే సాధనం అది. నువ్వు నిజంగా అన్నీ కూల్చగలిగితే ఆ చీపురు అవసరమే లేదు. అదీ మామూలు చీపురు కాదు, తప్పు ఖాతాలో పట్టుకుంటే పనికొచ్చేవాటినీ ఊడ్చేస్తుంది. నిన్ను తెచ్చుకునే రెండు మాటల పక్కనే ఆ చీపురు మాట కూడా ఉండాలి. కొత్తవాడు మొదటి మాటల దగ్గరే ఆగుతాడు.

ఇంతకీ నీ ఖర్చు భరించేది ఎవరు? పెద్ద కంపెనీ అయితే 32 డాలర్ల గేట్‌వే వాళ్ల లెక్కల్లో కనిపించదు. అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్ కోర్సులో చేరి, అన్నయ్య కార్డు అడిగి సొంత ఖాతా తెరుచుకున్న పిల్లకు కనిపిస్తుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటర్వ్యూ కోసం గిట్‌హబ్‌లో ఒక ప్రాజెక్టు పెట్టాలని తాపత్రయపడే కుర్రాడికి కనిపిస్తుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టుకున్నా అది ఖర్చు జరిగిన కొన్ని గంటల తర్వాతే వస్తుంది, అదీ చెబుతుందే తప్ప దేన్నీ ఆపదు. క్లౌడ్ బిల్లు చూసి భయపడి ఖాతా మూసేసిన పిల్ల ఆ తర్వాత పరీక్షలు రాయడం నేర్చుకోదు. మన రెండు రాష్ట్రాల నుంచి ప్రపంచంలోని క్లౌడ్ పనికి ఇంతమంది వెళుతున్నప్పుడు, వాళ్లు నేర్చుకునే మొదటి పాఠం భయం కావడం నాకు కష్టంగా ఉంది.

దేవుణ్ణి పొగుడుతూ నిలదీయడం మనకు కొత్త కాదు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం అంతా అలాగే చెప్పాడు. పరాయివాణ్ణి ఎవరూ అలా నిలదీయరు. టెర్రాటెస్టూ, నువ్వు మంచివాడివి కనుకే నిన్ను నిలదీస్తున్నాను. నిజమైన కట్టడాన్ని నిజంగా పరీక్షించాలన్న నీ సిద్ధాంతం సరైనది. 2023 అక్టోబరులో వచ్చిన టెర్రాఫార్మ్ 1.6లో సొంత పరీక్ష వ్యవస్థ చేరింది. ఆ తర్వాతి 1.7లో ఉత్తుత్తి ప్రొవైడర్లతో పరీక్షించే వీలూ వచ్చింది. చిన్న తర్కాలకు అవి చాలు, కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు. కానీ లోడ్ బ్యాలెన్సర్ వెనక యంత్రం నిజంగా జవాబు చెబుతోందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నీ అవసరం ఇప్పటికీ ఉంది. అందుకే నీ వాకిలి సురక్షితంగా ఉండాలని కోరుతున్నాను. ఏ ఖాతాయో చెప్పనిదే నువ్వు కదలకూడదు. పది నిమిషాల గడువు చూసి నువ్వే ముందు ఆగి హెచ్చరించాలి. ఏం కట్టావో రన్నర్ చచ్చినా మిగిలే చోట రాసిపెట్టాలి.

అందాకా, నిన్ను సెటప్ చేసే తెలుగు పిల్లలకు నా మాట ఇది. ముందు పరీక్షలకు మాత్రమే ఒక ఖాళీ ఖాతా తెరవండి, అందులో పనికొచ్చేదేదీ పెట్టకండి. ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్‌లో అనుమతించిన ఖాతా నంబర్లు రాసే సెట్టింగు ఉంది, దాన్ని రాయండి. అప్పుడు తప్పు ఖాతాలో టెర్రాఫార్మే అడ్డం తిరుగుతుంది. శాశ్వత కీలు ల్యాప్‌టాప్‌లో దాచకండి, కొద్దిసేపే చెల్లే క్రెడెన్షియల్స్ వాడండి. వీలైనంతవరకు ప్రతి వనరుకూ ఒకే ట్యాగ్ పడేలా డిఫాల్ట్ ట్యాగులు పెట్టండి, మిగిలినవి వెతకడం తేలికవుతుంది. నేర్చుకునేంత వరకు ఒకే ప్రాంతంలో ఉండండి. గడువు పెంచండి, కౌంట్ 1 చేయండి. ఆ ఖాళీ ఖాతాను ప్రతి రాత్రీ ఊడ్చే ఏర్పాటు చేశాకే మొదటి పరీక్ష నడపండి. నేర్పే గురువులారా, ‘అప్లై’ కన్నా ముందు ‘డిస్ట్రాయ్’ నేర్పండి. శుభ్రం చేసే ఏర్పాటు పూర్తికానిదే ఈ సాధనం ఇన్‌స్టాల్ అయినట్టు కాదు.